మిగులు వెలుతురు పేటలు

అనకాపల్లి బెల్లము రుచి యెఱుగని తెలుగువారు అరుదు. ఆ బెల్లము వండు పొయ్యిని చూచినవారు మాత్రము అంతమంది ఉండరు. గానుగలో ఆడిన చెఱకు రసము పెనములోనికి పోవును. మిగిలిన పిప్పిని ఎండబెట్టి ఆ పెనము క్రిందనే మండింతురు. అనగా చెఱకు తన రసమును తానే కాచుకొనుచున్నది. నేటి పట్టణ నిర్మాణ శాస్త్రజ్ఞులు "శక్తిమిగులు పేట" అని దేనిని పిలుచుచున్నారో, దానికి ఇంతకంటె దగ్గఱి పోలిక నాకు దొరకలేదు. ఒక పేటలోని ఇండ్లు, అంగళ్లు, బడులు, వీధిదీపములు ఏడాది పొడుగున వాడుకొను విద్యుత్తుకంటె, ఆ పేట తన కప్పులమీదను ఖాళీ జాగాలలోను పుట్టించు విద్యుత్తు ఎక్కువైనచో అది శక్తిమిగులు పేట. ఇట్టివి పెరిగినకొలది పట్టణము గాలిలోనికి విడుచు బొగ్గుపులుసు వాయువు తగ్గును. విడుచునదియు హరించునదియు సరిసమానమగు స్థితిని 2070 నాటికి చేరుదుమని మన దేశము 2021లో గ్లాస్గో నగరపు సభలో ప్రకటించినది.

ఈ విషయమునకు అచ్యుతాపురమును ఎన్నుకొనుటకు కారణము కలదు. అది అనకాపల్లినుండి పూడిమడక సముద్రతీరమునకు పోవు దారిలోని ఊరు. ఒక ప్రక్క పక్షులకు నెలవైన కొండకర్ల ఆవ, వేఱొక ప్రక్క సముద్రము, నడుమ ప్రత్యేక ఆర్థిక మండలి. అందు మందుల కర్మాగారములు కలవు. వేలకొలది స్త్రీలు కుట్టుపని చేయు బ్రాండిక్సు వస్త్రనగరము కలదు. పూడిమడక యొద్ద హరిత ఉదజని కేంద్రమునకు, అనగా జనులు గ్రీన్ హైడ్రోజను అనుదానికి, 2025 జనవరి 8వ తేదీని శంకుస్థాపన జరిగినది. దినమునకు 1,500 టన్నుల ఉదజనిని తీయవలెనని సంకల్పము. పని ఉన్నచోటికి జనులు వత్తురు. వచ్చినవారికి ఇండ్లు కావలెను. కనుక పేటలను ఎట్లు కట్టవలెనను ప్రశ్న ఇచ్చట ఊహామాత్రమైనది కాదు.

ఇంత పెద్ద కేంద్రము వచ్చుచుండగా ఇంటికప్పుల గొడవ మనకేల యని కొందఱు అడుగవచ్చును. కిలో ఉదజనిని నీటినుండి విడదీయుటకు ఏబది యూనిట్లకు పైగా విద్యుత్తు కావలెను. అది నెలకు రెండువందల యూనిట్లు వాడు సంసారమునకు వారము దినముల వెలుతురు. అందు తయారగు సరకులో అధికభాగము విదేశములకు ఎగుమతి చేయుటకే ఉద్దేశింపబడినది. కావున ఆ కేంద్రము ఎంత గొప్పదైనను అచ్యుతాపురపు వీధిదీపమును వెలిగించునని అనుకొనరాదు. దగ్గఱనే పరవాడలో 2,000 మెగావాట్ల సింహాద్రి విద్యుత్కేంద్రము ఒడిశానుండి రైళ్లలో వచ్చు బొగ్గును మండించుచున్నది. ఆ కేంద్రపు జలాశయముమీదనే 2021లో 25 మెగావాట్ల తేలియాడు సూర్యఫలకములను పఱచిరి. డెబ్బదియైదు ఎకరముల నీరు కప్పబడినది. మెచ్చదగిన పనియే, కాని బొగ్గు కేంద్రపు శక్తిలో అది ఎనుబదవ వంతు, అదియు పగటివేళ మాత్రమే. కడమ స్థలము ఎక్కడ వెదకవలెను? మన నెత్తిమీదనే.

ఇక్కడ కొంచెము లెక్క చూడవలెను. మన ఎండలో ఒక కిలోవాటు ఫలకములు సగటున దినమునకు నాలుగు యూనిట్లు, నెలకు నూట ఇరువది యూనిట్లు ఇచ్చును. అందుకు సుమారు నూఱు చదరపు అడుగుల కప్పు కావలెను. పది కాపురములున్న అయిదంతస్తుల మేడను తీసికొనుడు. కాపురమునకు రెండువందల యూనిట్ల చొప్పున నెలకు రెండువేలు, అనగా పదునేడు కిలోవాట్లు, పదునేడువందల చదరపు అడుగులు. ఆ మేడ కప్పు రెండువేల నాలుగువందల అడుగులు ఉండునేమో. నీళ్లతొట్టి, మెట్లగది, లిఫ్టుగది, బట్టలారవేయు తీగెలు పోగా మిగిలినది చాలదు. మిగులు మాట దేవుడెఱుగు.

ఇప్పుడు కుట్టుపని చేయు పిల్లలు అద్దెకుండు వరుసగదులను చూతము. ఎనిమిది గదులు, ఒకే అంతస్తు. గదికి ఒక దీపము, ఒక పంకా, ఒక టీవీ. నెలకు అఱువది యూనిట్లు మించదనుకొందము. అన్నియు కలసి నాలుగువందల ఎనుబది, అనగా నాలుగు కిలోవాట్లు. కప్పు చూడగా ఎనిమిది కిలోవాట్లకు చోటున్నది. మేడకు లోటు, వరుసగదులకు మిగులు! అయితే ఆ మిగులు కప్పు ఆ గదులలో ఉన్నవారిది కాదు, యజమానిది. యజమానికి ఆ గదులలోని విద్యుత్తు బిల్లుతో పని లేదు. 2024 ఫిబ్రవరిలో ఆరంభమైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకము మూడు కిలోవాట్లకు 78,000 రూపాయలవఱకు సాయము చేయుచున్నది, మంచిదే. కాని కప్పు లేని వానికి ఆ సాయము ఎట్లు అందును? వేసవిరాత్రి స్లాబు వేడికి నిద్రపట్టక, తెల్లవాఱి బస్సెక్కి కుట్టుయంత్రము ముందు కూర్చుండు మనిషి ఆ లెక్కలో ఎక్కడను కానరాదు.

అందుచేతనే ఇంటిని గాక పేటను కొలబద్దగా తీసికొనవలెనని నా అభిప్రాయము. మేడవాని లోటును వరుసగదుల కప్పు, బడి కప్పు, కర్మాగారపు షెడ్డు కప్పు తీర్పవలెను. ఆ లాభములో అద్దెవానికి భాగముండవలెను. ఇది కాని పని కాదు. ఒకచోట పుట్టిన విద్యుత్తును పలువురి బిల్లులలో పంచి తగ్గించు పద్ధతిని ఢిల్లీలో 2019లోనే అనుమతించిరి. జర్మనీ దేశమున ఫ్రైబుర్గు నగరములో రోల్ఫ్ డిష్ అను వాస్తుశిల్పి, మన ఎండకంటె ఎంతయో తక్కువ ఎండలో, ఏబదికి పైగా ఇండ్ల పేటను కట్టి, వాడుకకంటె ఎక్కువ విద్యుత్తును పండించి చూపెను. ఆయన వీధులు గీయకముందే సూర్యుని చూచెను; ఒక ఇంటి నీడ వేఱొక ఇంటి కప్పుమీద పడకుండ వరుసలు తీర్చెను. మనకు వీధి తూర్పు పడమరలుగా సాగినచో పడమటి ఎండ తగులు గోడలు తగ్గును, ఫలకములు దక్షిణమునకు సుఖముగా వాలును. గోడలు లేచిన పిమ్మట ఈ జ్ఞానము వలన ప్రయోజనము స్వల్పము.

పండించుటకు ముందు పొదుపు. మామూలు పంకా డెబ్బదియైదు వాట్లు త్రాగును. క్రొత్తరకపుది ముప్పదియైదుతో తృప్తిపడును. కప్పుకు తెల్లని పూత వేసినను, ఫలకముల నీడ పడినను క్రింది గది చల్లబడును. తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లకప్పుల విధానమునే ప్రకటించినది.

మఱియొక చిక్కు కలదు. సూర్యుడు మధ్యాహ్నము కుమ్మరించును. మనము దీపము వెలిగించునది సాయంకాలము. దీనికి బ్యాటరీలే గతియని అమ్మకపువారు చెప్పుదురు. నేను అంత తొందరపడను. ఎత్తుతొట్టెలకు నీరెక్కించు మోటార్లను మిట్టమధ్యాహ్నము నడుపవచ్చును. పూడిమడక జాలరులకు మంచుగడ్డ కావలెను. ఆ మంచును పగలే గడ్డకట్టించి నిలువచేసినచో, అదియే చవుకైన బ్యాటరీ.

తుపాను మాటను మఱచి ఈ తీరమున ఏమియు కట్టరాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను గంటకు 170 కిలోమీటర్లకు మించిన గాలితో విశాఖను తాకినప్పుడు నగరము దినములతరబడి చీకటిలో మునిగెను. కొందఱు, "మా కప్పుమీద ఫలకములున్నవి, మాకు భయము లేదు" అందురు. పొరపాటు. సాధారణముగా బిగించు ఏర్పాటులో బయటి తీగెలో విద్యుత్తు పోయినంతనే ఇంటి ఇన్వర్టరును ఆగిపోవును. స్తంభముమీద మరమ్మతు చేయువాని ప్రాణరక్షణకై అట్లు చేసిరి. కావున పేటకు ఒక్కటైనను, బడియో ఆస్పత్రియో, బయటి తీగెతో ప్రమేయము లేక బ్యాటరీతో నడువగల కట్టడము ఉండవలెను. దాని ఫలకములను తుపానుగాలికి తగిన లెక్కతో బిగింపవలెను. ఉప్పుగాలికి త్రుప్పుపట్టని మేకులను వాడవలెను. ఈ తీరపు పెద్దలు గాలి జాఱిపోవునట్లు గుండ్రని చుట్టిండ్లు కట్టుకొనిరి. వారికి ఆ లెక్క తెలియును. తుపాను వెలిసిన రాత్రి ఆ యొక్క గదిలో మందుల పెట్టె చల్లగా నుండి, సముద్రముమీదికి పోయినవారి కబురుకై కాచుకొన్నవారి సెల్‌ఫోనులు అచ్చట చార్జి అగుచుండవలెను.