విరిగిన కార్బ్యురేటరుకు జిగురు అతుకు

కత్తికి పిడి కదలకుండా లక్క కరిగించి పోయడం మన కమ్మరులకు అనాదిగా తెలిసిన పని. నేడు లోహాన్ని లోహంతో అంతకంటె బలంగా అతికించే రసాయనపు జిగురు ఎపాక్సీ. దానిని తొలుత రూపొందించినవారిలో స్విట్జర్లండు శాస్త్రజ్ఞుడు పియేర్ కాస్తాన్ ఒకరు. ఆ దేశానికే చెందిన సీబా కంపెనీ 1946లో దానిని ఆరల్డైట్ అనే పేరుతో వెలువరించింది. ఒక గొట్టంలో జిగురు, రెండవ గొట్టంలో దానిని గట్టిపరచే ద్రవ్యం ఉంటాయి. రెండూ కలిసిన తరువాతనే అది రాయివలె బిగుస్తుంది. పాత కార్ల కార్బ్యురేటరు విరిగినప్పుడు ఈ జిగురును ఎంతవరకు నమ్మవచ్చు?

అంబాసిడరు కార్ల తయారీ 2014లో ఆగిపోయింది. పద్మినీ కార్లు అంతకుముందే నిలిచిపోయాయి. అయినా వాటిని ప్రేమతో కాపాడుకొనేవారు ఉన్నారు. పెట్రోలును గాలితో తగు పాళ్లలో కలిపి ఇంజనుకు అందించే కార్బ్యురేటరును సాధారణంగా తుత్తునాగపు మిశ్రలోహంతో పోతపోస్తారు. నిజాంపట్నం మండలంలోని అడవులదీవి వంటి తీరప్రాంతపు ఊళ్లలో ఉప్పుగాలి, తేమ కలిసి ఆ లోహాన్ని తినివేస్తాయి. దానిమీద తెల్లని పొడి పేరుకొంటుంది, మరమేకులు పట్టుకొనిపోతాయి. బలవంతాన తిప్పితే మేకుకు బదులు దానిని పట్టి ఉంచే చెవి విరుగుతుంది. గ్యాసు వెల్డింగుతో దానిని అతకడం కష్టం. ఆ మంట వేడి మూడువేల డిగ్రీలకు పైమాట; ఈ లోహమో నాలుగువందల డిగ్రీలైనా కాకమునుపే కరుగుతుంది. అందువల్లనే చూపు జిగురు మీదికి పోతుంది.

అయితే అతికించే ముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఆ భాగం బరువు మోస్తుందా, లేక కదులుతుందా? పెట్రోలులో తడుస్తుందా? వేడికి గురి అవుతుందా? మూడింటికీ కాదన్న జవాబు వస్తే నిస్సంకోచంగా అతికించవచ్చు. చోకు తీగను పట్టి ఉంచే చిన్న చెవి ఇంచుమించు ఇటువంటిదే. పెట్రోలు గొట్టం తగిలించే మూతి, పెట్రోలు నిలిచే తొట్టి, యాక్సిలరేటరుకు లోబడి తిరిగే ఇరుసు, దాని మీట మాత్రం జిగురుకు అప్పగించదగినవి కావు. మీట ఊడితే ఇంజను వేగం అదుపు తప్పవచ్చు. గాలిదారిలో అతికిన ముక్క రాలితే ఇంజను దానిని లోపలికి పీల్చుకొంటుంది.

పెట్రోలు కారితే ప్రమాదం మరీ పెద్దది. అంబాసిడరు పాత పెట్రోలు ఇంజనులో కార్బ్యురేటరు, పొగ వెలువడే గొట్టం ఒకే వైపున ఉంటాయి. పైనుంచి కారిన చుక్క కాగిన లోహం మీద పడుతుంది. మామూలు ఎపాక్సీ చాలా రకాలు అరవై డిగ్రీల వేడికే మెత్తబడనారంభిస్తాయి. పైగా 2025 నాటికి మన దేశంలో పెట్రోలులో ఇథనాలు పాలు ఇరవై శాతానికి చేరింది. ఇథనాలు కొన్ని జిగుళ్లను ఉబ్బజేసి, పట్టును సడలిస్తుంది. నీటిని కూడా పీల్చుకొని తుత్తునాగపు క్షయాన్ని త్వరితం చేస్తుంది. నిన్నటి పెట్రోలుకు నిలిచిన అతుకు నేటి పెట్రోలుకు నిలుస్తుందని అనుకోరాదు.

ఇక పద్ధతి. కార్బ్యురేటరును కారునుంచి విప్పి, పెట్రోలు పూర్తిగా వంపివేయాలి. ఈ పని గాలి ఆడే చోట, దీపానికీ పొయ్యికీ దూరంగా చేయాలి. విరిగిన అంచులను థిన్నరుతో కడిగి, జిడ్డు పోయినాక గరుకు కాగితంతో రుద్దాలి. నునుపు మీద జిగురు నిలవదు. వీలుంటే రెండు ముక్కలలోనూ సన్నని బెజ్జాలు వేసి ఇత్తడి తీగ ముక్కను దించాలి. అప్పుడు భారం జిగురు ఒక్కదానిపైనే పడదు. జిగురును పొట్లం మీద చెప్పిన పాళ్లలోనే కలపాలి. ద్రవ్యం ఎక్కువైతే త్వరగా గట్టిపడుతుందనుకోవడం పొరపాటు. పాళ్లు తప్పితే అతుకు మెత్తగానే ఉండిపోతుంది. ఐదు నిమిషాలలో బిగిసే రకం కంటె నిదానంగా బిగిసే రకం సాధారణంగా ఎక్కువ బలమైనది. మరమేకుకు మైనం పూస్తే అది జిగురులో ఇరుక్కోదు. ముక్కలను కదలకుండా కట్టి ఒక పగలు, ఒక రాత్రి ఉంచాలి. తరువాత మిగులును ఆకురాయితో తీయవచ్చు.

బిగించే ముందు చేతితో లాగి చూడాలి. బిగించాక ఇంజనును కొంతసేపు నడిపి, ఆపి, చల్లారిన తరువాత అతుకును, దాని చుట్టుపక్కలను పరిశీలించాలి. తడి గాని, పెట్రోలు వాసన గాని ఉంటే ఆ కారును రోడ్డెక్కించరాదు. కొత్త భాగం వెదకడానికి పట్టే నెల రోజులు ఓర్చుకొంటే నష్టం లేదు. కారులో కూర్చునేది మన పిల్లలేనని గుర్తుంచుకొంటే, ఏ భాగాన్ని అతకాలో, దేనిని మార్చాలో నిర్ణయించడం కష్టం కాదు.