కాగితం లేనోడు పరాయోడా?

(పాలమూరు వలస కూలీల సభలో చేసిన ప్రసంగం)



పొద్దున్నించి కూలి రేట్ల మీద, గుంపు మేస్త్రీల మోసాల మీద మాట్లాడుకున్నాం. ఇప్పుడు అస్సాం సంగతి ఎత్తితే, ఎక్కడి అస్సాం, మనకేం సంబంధం అని కొందరికి అనిపించవచ్చు. బొంబాయికి, పూణెకు పోయి తట్ట మోసే మీకే ఆ సంబంధం ఎక్కువ. ఎట్లాగో చెప్తాను.

అస్సాంలోకి బంగ్లాదేశ్ నించి జనం వచ్చిన మాట నిజం. మా భూమి, మా భాష ఏమైపోతాయోనని అక్కడి గిరిజనులు, అస్సామీలు భయపడ్డదీ నిజమే. ఆ భయాన్ని నేను వెక్కిరించను. ఆరేళ్ల ఉద్యమం తర్వాత 1985 ఆగస్టు 15న ఒప్పందం కుదిరింది. 1971 మార్చి 24 తర్వాత వచ్చినవాళ్లను గుర్తించి పంపించెయ్యాలన్నారు. సరే. మరి సరిహద్దు కాయడం ఎవరి పని? కంచె సర్కారుది, తుపాకీ సర్కారుది, జీతం సర్కారుది. దొంగదారిన మనుషుల్ని దాటించే దళారీని పట్టుకోవాల్సిందీ సర్కారే. అది చేతగాక, సరిహద్దును మోసుకొచ్చి పేదోడి గుడిసె ముందర పెట్టారు. నువ్వు పరాయోడివి కావని నువ్వే రుజువు చేసుకో అన్నారు.

ఇది నోటిమాట కాదు, చట్టం. కోడిని దొంగిలించాడని కేసు పెట్టినా పోలీసే రుజువు చెయ్యాలి. 1946 నాటి విదేశీయుల చట్టంలో మాత్రం రుజువు భారమంతా పట్టుబడ్డవాడి నెత్తినే. 2025లో దాని బదులు కొత్త చట్టం తెచ్చారు. పేరు మారింది, ఆ భారం మారలేదు.

ఆ పద్ధతిలోనే అస్సాం మొత్తాన్ని వరుసలో నిలబెట్టారు. 3 కోట్ల 30 లక్షల మంది దరఖాస్తు పెట్టుకున్నారు. 2019 ఆగస్టు 31న ఆఖరి పౌర పట్టిక వచ్చింది. అందులో 19,06,657 మంది పేర్లు లేవు. ఈ పనికి మొదట అనుకున్న ఖర్చు 288 కోట్లు, 2022 నాటికి అయిన ఖర్చు 1,602 కోట్లని కాగ్ లెక్క చెప్పింది. ఏం కాగితాలు అడిగారో వినండి. 1951 పట్టిక, 1971 నాటికున్న ఓటరు జాబితా, భూమి పట్టా, కౌలు దస్తావేజు, ఎల్‌ఐసీ పాలసీ, పాస్‌పోర్టు, బ్యాంకు ఖాతా, బోర్డు పరీక్ష సర్టిఫికెట్.

నేను అడుగుతున్నాను, 1971లో మన వాడల్లో పట్టా ఎవరికుంది? ఎల్‌ఐసీ ఎవరు కట్టారు? బోర్డు పరీక్ష ఎవరు రాశారు? భూమి ఉన్నోడికి కాగితం ఉంటది. మన తాతల పేర్లు రాసింది పట్వారీ. ఎల్లయ్యను ఒక దస్త్రంలో ఎల్లిగాడన్నాడు, ఇంకో దస్త్రంలో ఎల్లడన్నాడు. ఇద్దరూ ఒకడేనని ఇప్పుడు ఎవరు సాక్ష్యం చెప్పాలి? అస్సాంలో ఇట్లాంటి అక్షరాల తేడాతో మనుషులు పరాయోళ్లయ్యారు.

ఆడోళ్ల సంగతి ఇంకా ఘోరం. బడికి పోలేదు, పుట్టిన తేదీ రాసిపెట్టినవాడు లేడు, పెళ్లయి వేరే ఊరొచ్చింది. ఫలానా ఆయన కూతురని చూపడానికి ఆమె దగ్గరున్నది పంచాయతీ కార్యదర్శి ఇచ్చిన కాగితమొక్కటే. 2017 ఫిబ్రవరిలో అది చెల్లదని గౌహతి హైకోర్టు అన్నది. సరిచూసి తీసుకోవచ్చని డిసెంబరులో సుప్రీంకోర్టు అన్నది. ఆ తొమ్మిది నెలలు లక్షలమంది తల్లులు ఎట్ల నిద్రపోయారో ఏ దస్త్రంలోనూ ఉండదు.

తీర్పు చెప్పేది మామూలు కోర్టు కాదు, ఫారినర్స్ ట్రిబ్యునల్. అందులో కాంట్రాక్టు మీద పెట్టుకున్న వకీళ్లు కూడా కూర్చుంటారు. 2019 ఫిబ్రవరి దాకా 63,959 మందిని, మనిషి ఎదురుగా లేకుండానే విదేశీయులని తేల్చారు. పార్లమెంటులో సర్కారే చెప్పిన లెక్క ఇది. మీరు పూణెలో కాంక్రీటు మోస్తుంటే ఇంటి తాళానికి నోటీసు అంటించి పోతే మీ గతేంది? ఆలోచించండి.

తేజ్‌పూర్ జైల్లోని నిర్బంధ శిబిరంలో పెట్టిన ఒక ముసలాయన 2019 అక్టోబరులో ఆసుపత్రిలో చనిపోయాడు. హిందువే ఆయన. విదేశీయుడని తేల్చారు కదా, శవాన్ని ఆ దేశానికే పంపుకోండని ఇంటివాళ్లు చాలా రోజులు తీసుకోలేదు. ఇంకో చోద్యం చూడండి. 2019 ఆగస్టులో మన విదేశాంగ మంత్రి ఢాకా పోయి, ఈ పట్టిక మా అంతర్గత వ్యవహారమని చెప్పాడు. ఇక్కడేమో వీళ్లంతా బంగ్లాదేశీలంటారు. మరి ఎక్కడికి పంపుతారు?

ఇది ముస్లింల గొడవ, మనకెందుకని కొట్టేసే మనోళ్లున్నారు. 1946లో బాబాసాహెబ్‌ను రాజ్యాంగ సభకు పంపింది బెంగాల్. దానికి నిలబడ్డది జోగేంద్రనాథ్ మండల్, ఆయన నామశూద్రులు. తర్వాత దేశం చీలి ఆ జిల్లాలు పాకిస్తాన్‌కు పోయాయి. కట్టుబట్టలతో వచ్చిన ఆ అంటరాని జనాన్ని తెచ్చి దండకారణ్యంలో పడేశారు. మన కాగజ్‌నగర్ దగ్గర కూడా బెంగాలీ కాందిశీకుల పల్లెలున్నాయి, పోయి చూడండి. దండకారణ్యంలో బతకలేక సుందరబన్‌లోని మరిచ్‌ఝాపీ దీవికి పోతే, 1979లో అక్కడి వామపక్ష సర్కారు తిండీ నీళ్లూ అందకుండా దిగ్బంధించి, కాల్పులు జరిపి వెళ్లగొట్టింది. కమ్యూనిస్టు సర్కారైనా సరిహద్దు దాటొచ్చిన దళితుడంటే అంతే. 2003 సవరణ, కాగితం లేకుండా వచ్చిన ప్రతివాడినీ అక్రమ వలసదారు అన్నది. 2019లో, ముస్లింలను వదిలి మిగతావాళ్లకు పౌరసత్వమిస్తామన్నారు. ఇన్నాళ్లూ ట్రిబ్యునల్లో ఇక్కడివాణ్ణేనని ప్రమాణం చేసిన నామశూద్రుడు, ఇప్పుడు అక్కడినించే వచ్చానని ప్రమాణం చెయ్యాలి. దానికీ కాగితమే!

ఇది అస్సాంతో ఆగలేదు. 2025 జూన్‌లో ఢిల్లీలో బతుకుతున్న బీర్భూమ్ జిల్లా కూలి కుటుంబాన్ని పట్టుకుని బంగ్లాదేశ్‌లోకి తోసేశారు. ఆ ఇల్లాలు అప్పుడు కడుపుతో ఉంది. వాళ్లను తిరిగి తీసుకురావాలని సెప్టెంబరులో కలకత్తా హైకోర్టు చెప్పింది. ఆమె, కొడుకు తిరిగొచ్చేసరికి డిసెంబరు. అదే ఏడాది బీహార్‌లో విదేశీయుల్ని ఏరేస్తామని కూడా చెప్పి ఓటరు జాబితా సవరించారు. ముసాయిదాలో 65 లక్షల పేర్లు పోయాయి. చనిపోయినవాళ్లతో పాటు ఊరు విడిచి వలసపోయినవాళ్లనీ ఆ లెక్కలో వేశారు. వలసపోయినవాళ్లంటే ఎవరు? బీహార్‌లో మీలాంటోళ్లే.

ఇరవయ్యొకటో అధికరణంలో బాబాసాహెబ్ రాసింది పౌరుడని కాదు, వ్యక్తి అని. ఏ వ్యక్తి ప్రాణాన్నీ స్వేచ్ఛనీ చట్టప్రకారం తప్ప తీసెయ్యరాదు. అరెస్టు చేసినవాణ్ణి 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. అందుకని పూణెలో మీ పక్క గుడిసెలో బెంగాలీ మాట్లాడే వాళ్లను రాత్రిపూట పట్టుకుపోతే తలుపేసుకోవద్దు. వాళ్ల పేరు, ఊరు, ఏ స్టేషనో రాసుకొని పొద్దున్నే సంఘానికి కబురు పెట్టండి. ఊళ్లో ఉన్నవాళ్లు ఓటరు జాబితాలో తమ పేరు, తండ్రి పేరు సరిగా ఉన్నాయో లేదో ఇవాళే చూసుకోండి. ఆ వేపచెట్టు కింద ఇద్దరు కార్యకర్తలు జాబితాతో కూర్చుంటారు. ముందు ముసలోళ్లను, ఆడోళ్లను పోనివ్వండి.