వేలిముద్ర పడకపోతే

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ!

ఆధార్ మంచిదా, చెడ్డదా అని మీరు ఫోన్లలో గట్టిగా వాదించుకుంటున్నారు. వాదించండి. మేము హాస్టల్లో చూసింది ఒకటి చెబుతాం.

సెలవులకు వెళ్లిన ఒక పాప నాలుగు రోజులు ఆలస్యంగా వచ్చింది. రేషన్ మిషన్‌లో వాళ్ల అవ్వ వేలిముద్ర పడలేదట. అడ్డాకులు కుట్టి, చింతపండు కొట్టి ఆ వేళ్లు అరిగిపోయాయి. బియ్యం కోసం ఇద్దరూ మూడుసార్లు కొండ దిగారు. మూడోసారి సిగ్నలే లేదు.

మిషన్ దొంగ కార్డులను పట్టుకుంటుంది, ఒప్పుకుంటాం. కానీ అవ్వను పస్తు పెట్టమని చట్టం చెప్పలేదు. 2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు ఆధార్‌ను సమర్థిస్తూనే, వేలిముద్ర సరిపోలలేదని అర్హులకు పథకం దూరం కాకూడదని, గుర్తింపుకు వేరే దారి ఉండాలని చెప్పింది. ఆధార్ లేదని పిల్లలకు ఏ పథకమూ ఆపకూడదంది.

మేము అర్జీ రాసిచ్చి రసీదు తీసుకున్నాం. తర్వాతి నెల బియ్యం వచ్చాయి. పోయిన నెలవి పోయినట్టే.

సర్కారు మన వేలిముద్ర అడుగుతోంది. మనమూ సర్కారును లెక్క అడగవచ్చు. 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబివ్వాలి.

ఈసారి ఇంటికెళ్లినప్పుడు మీ ఊళ్లో వేలిముద్ర పడని అవ్వలు, తాతల పేర్లు రాసుకోండి. అర్జీ రాయడం తెలియకపోతే హాస్టల్‌కు రండి. కలిసి రాద్దాం.