ఒక్క పరీక్ష చాలదు

నేను ఇంజనీరును కాబట్టి, మన ల్యాబులో నేర్చుకున్న వాయువుల గురించే నాలుగు మాటలు చెబుతాను.

జింకు ముక్కల మీద సజల హైడ్రోక్లోరికామ్లం పోస్తే బుడగలొస్తాయి. సున్నపురాయి మీద పోసినా బుడగలే. ఆ రెండు వాయువులకూ రంగు లేదు, వాసన లేదు. వెలుగుతున్న పుల్లను నాళిక మూతి దగ్గర పెడితే మొదటిది ‘టప్’మని మండుతుంది. అది హైడ్రోజన్. రెండోదాంట్లో పుల్ల ఆరిపోతుంది. వెంటనే ఎవరో ఒకరు “కార్బన్ డయాక్సైడ్ సార్!” అనేవారు. “నైట్రోజన్‌లోనూ ఆరుతుంది కదరా!” అనేవారు మాస్టారు. ఆ వాయువును సున్నపు తేటలోకి పంపి, అది పాలలా తెల్లబడ్డాకే పేరు రాయనిచ్చేవారు.

ఇది మార్కుల సంగతి మాత్రమే కాదు. మన ఊళ్లలో పాడుబావిలోకి దిగేముందు లాంతరు దించి చూసేవారు. అది ఆరితే దిగేవారు కాదు. మంచి అలవాటే, కానీ అది ఒక్క పరీక్షే. హైడ్రోజన్ సల్ఫైడ్ ప్రాణం తీసేంత ఉన్నా లాంతరు వెలుగుతూనే ఉంటుంది. మీథేన్ ఉంటే ఆ దీపమే పేలుడుకు కారణం కావచ్చు. పోనీ, ముక్కును నమ్ముదామా? హైడ్రోజన్ సల్ఫైడ్‌ది కుళ్లిన గుడ్ల వాసన. గాలిలో పది లక్షల భాగాలకు సుమారు 100 భాగాలు చేరేసరికి ముక్కు మొద్దుబారిపోతుంది. వాసన పోయింది కదా అని మురుగు గుంటలోకి దిగినవాడు పైకి రాకపోవచ్చు.

అందుకే ట్యాంకులోకి మనిషిని పంపేముందు మేము మీటరుతో మూడు చూస్తాం: ముందు ఆక్సిజన్, తర్వాత మండే వాయువులు, ఆ తర్వాత విషవాయువులు. మామూలు గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం ఉంటుంది. 19.5 కంటే తగ్గితే మామూలుగా లోపలికి పంపం. మూడూ సరిగా ఉన్నాకే అనుమతి కాగితం మీద సంతకం. ఆ సంతకాన్ని నమ్ముకుని ఒక కుటుంబం ఇంటి దగ్గర ఎదురుచూస్తుంటుంది.

ఇప్పుడు చాలామంది పిల్లలు ‘సున్నపు తేట తెల్లబడును’ అని రాసి మార్కులు తెచ్చుకుంటున్నారు. తెల్లబడటం కళ్లారా చూసినవాళ్లు తక్కువ. స్వర్ణోత్సవ గుర్తుగా ముఖద్వారం కట్టిద్దామంటున్నారు. తప్పక కట్టిద్దాం. దానితోపాటు ఏటా ల్యాబుకు పరీక్షనాళికలు, ఆమ్లం, జింకు, కళ్లకు రక్షణ అద్దాలు కూడా కొనిద్దాం. సున్నపు తేటకైతే పెద్ద ఖర్చే లేదు. తాంబూలంలో వేసుకునే సున్నాన్ని నీళ్లలో కలిపి, తేరనిచ్చి, పై నీరు వంచుకుంటే చాలు.

ఆ పెట్టుబడిలో నా వంతు ఈ ఏడాది నుంచే ఇస్తాను. మీరూ కలవండి. సెలవు.