స్పీకరుకి తోడు ఫోన్ యాప్

రాజాంలో పెళ్ళింట్లోనైనా, డాబా మీదైనా చిన్న బ్లూటూత్ స్పీకరు మోగుతూనే ఉంటుంది. పాట వినడానికి కంపెనీ యాప్ అక్కర్లేదు. స్పీకరుని మనకి నచ్చినట్టు సరిచేసుకోవడానికే అది కావాలి.

యాప్‌లో ఈక్వలైజర్ తెరిచి బేస్ కాస్త తగ్గించండి, మధ్య గీత కొంచెం పైకి జరపండి. వార్తలైనా, హరికథైనా మాట తేటగా వినబడుతుంది. హరికథా పితామహుడు నారాయణదాసుగారి ఊరు అజ్జాడ మనకి దగ్గరే కదా, హరికథలో ఒక్క మాట పోయినా మనసొప్పదు!

యాప్‌కి స్పీకరు కనబడకపోతే అనుమతులు చూడండి. ఆండ్రాయిడ్ 12 నుంచి 'నియర్‌బై డివైసెస్' అనుమతి ఇవ్వాలి, అంతకు ముందు ఫోన్లలో లొకేషన్ అడుగుతుంది. కాంటాక్టులు అడిగితే మాత్రం ఇవ్వకండి, పాటకీ వాటికీ సంబంధం లేదు.

రెండు స్పీకర్లు జత చేయాలనుకుంటే కొనేముందే అడగండి. జేబీఎల్ ఫ్లిప్ 6లో జత చేసే పద్ధతి పార్టీబూస్ట్, ఫ్లిప్ 7లో ఆరాకాస్ట్. ఒకే కంపెనీవైనా ఈ రెండు స్పీకర్లూ జత కట్టవు.

యాప్ స్పీకరుని అప్‌డేట్ చెయ్యమంటే ఛార్జింగ్ నిండుగా ఉన్నప్పుడే చెయ్యండి. అది పూర్తయ్యేదాకా స్పీకరు ఆపకండి, ఫోన్ పట్టుకుని వీధిలోకి వెళ్ళకండి.