మూలనున్న పాత రేడియో

(హోసూరులో మన సంఘ సమావేశమున చేసిన ప్రసంగము)



ఈ బల్లపై మూడు రేడియోలున్నవి. మూడును చేత మోసికొనిపోదగినవి. మూడింటను మీడియం వేవుతోపాటు పలు షార్ట్‌వేవు బ్యాండ్లు కలవు. మొదటిది అమెరికాలోని జెనిత్ కంపెనీవారి ట్రాన్స్ ఓషియానిక్, వాల్వుల సెట్టు. ఈ శ్రేణి 1942లో వెలువడి, యుద్ధము వలన ఆ యేడే నిలిచిపోయి, పిమ్మట మరల సాగినది. మాది 1950 దశకము నాటిది. రెండవది అదే కంపెనీ 1957లో తెచ్చిన ట్రాన్సిస్టర్ల సెట్టు, రాయల్ 1000. మూడవది జపాను సెట్టు, నేషనల్ పానసోనిక్ ఆర్‌ఎఫ్ 2200. గల్ఫులో పనిచేసిన మా మేనమామ తెచ్చినది.

ఇంట తెలుగు, బడిలో తమిళము, సంతలో కన్నడము వినుచు పెరిగిన మాకు తెలుగు వార్తలు వినిపించినది రేడియోయే. విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1న ఆరంభమైనది. పగలు ఆ ధ్వని మా యింటికి అందెడిది కాదు. ప్రొద్దు క్రుంకిన పిమ్మట మీడియం వేవు తరంగములు ఆకాశపు పైపొరలను తాకి మరలి దూరముగా దిగును. అప్పుడు తాతగారు సెట్టును అరుగుమీదికి తెచ్చెడివారు.

ఆయన పోయిన పిమ్మట అది చాలకాలము మూలపడియుండెను. వోల్టేజి తగ్గించు ట్రాన్స్‌ఫార్మరు ఎటుపోయినదో తెలియదు. ఒక దుకాణమున మరమ్మతుకిచ్చితిమి. పనివాడు సెట్టు వెనుక వ్రాతను చూడక, 117 వోల్టులకు చేసిన దానిని మన 230 వోల్టుల గోడకు తగిలించెను. ఇట్టి సెట్టులో వాల్వుల తంతువులు ఒకదాని వెంట ఒకటిగా కలుపబడియుండును. ఒకటి తెగినచో అన్నియు ఆరును. మాకు పోయినది వన్ ఎల్ సిక్స్ అను వాల్వు. అన్నిటిలో దొరకనిది అదియే! రెండేండ్లు వెదకితిని. దానికి బదులు వన్ ఆర్ ఫైవ్ పెట్టువారు కలరు. మీడియం వేవు వినబడును గాని పై షార్ట్‌వేవు బ్యాండ్లు మందగించును.

కావున అటకనుండి దింపినవెంటనే ప్లగ్గు పెట్టవలదు. ఈ సెట్టులో లోపల ట్రాన్స్‌ఫార్మరు లేదు. ఇనుప చట్రమునకే ఇంటి కరెంటు తగిలియుండవచ్చును. గుండీ ఊడిన ఇరుసును ముట్టరాదు. ఆటో ట్రాన్స్‌ఫార్మరు వోల్టేజిని తగ్గించును గాని ఈ అపాయమును తొలగింపదు. రెండు చుట్లు వేరుగానున్న ట్రాన్స్‌ఫార్మరే కావలెను. పిమ్మట కాగితపు కండెన్సర్లను ఒక్కొక్కటిగా మార్చవలెను. ఇన్నేండ్లకు అవి కారక మానవు. పాత సెలీనియం రెక్టిఫయరు స్థానమున సిలికాన్ డయోడు పెట్టినచో వోల్టేజి పెరుగును. తగిన రెసిస్టరు జతచేయనిచో తంతువులు మరల కాలును.

రాయల్ 1000 టార్చి బ్యాటరీలపై నడచును గనుక ఈ భయములు లేవు. దాని రోగము బ్యాటరీల కారుడును, బ్యాండు మార్చునపుడు తిరుగు పీపా కాంటాక్టుల నలుపును. గరుకు కాగితము తగులనీయక, శుభ్రపరచు ద్రవముతో తుడిచితిని. ఒక సాయంకాలపు పని.

ఇక పోలిక. చెన్నై 720 కిలోహెర్ట్జులు, హైదరాబాదు 738. నడుమ ఎడము 18 మాత్రమే. రాత్రివేళ ఈ రెంటిని వేరుపరచుటయే మూడింటికిని పెట్టిన పరీక్ష. వాల్వుల సెట్టు స్వరము గంభీరము, వినసొంపు. మొదట హైదరాబాదు వార్తలలో చెన్నై నాదస్వరము చొరబడెను. లోపలి ఐ.ఎఫ్. చుట్లను 455 కిలోహెర్ట్జులకు సరిచేసిన పిమ్మట చాలవరకు తగ్గెను. రాయల్ 1000 వేరుపరచుటలో కొంత మేలు. జపాను సెట్టుకు పైన తిరుగు ఫెర్రైటు కడ్డీ గలదు. హోసూరుకు చెన్నై తూర్పున, హైదరాబాదు ఇంచుమించు ఉత్తరమున నున్నవి. కడ్డీ కొనను తూర్పుకు త్రిప్పితిమా, చెన్నై అణగును, హైదరాబాదు నిలుచును. పదిమంది కూర్చుండి వినుటకు ఇదియే ఉత్తమము. నా మమకారము మొదటి దానిపైనున్నను నిజము చెప్పవలెను గదా.

తాతగారు విజయవాడకు అద్దముపై సిరా చుక్క పెట్టియుండిరి. ఇప్పుడు ముల్లు దానికి కొంచెము ప్రక్కన నిలుచుచున్నది. సెట్టు చెడినదనుకొని సవరింపబోయితిని. కాదు, 1978 నవంబరులో మీడియం వేవు కేంద్రములను 9 కిలోహెర్ట్జుల ఎడముతో మరల సర్దిరి. కేంద్రము జరిగినది, చుక్క జరుగలేదు. దానిని చెరుపలేదు.

షార్ట్‌వేవున నాటి సందడి లేదు. బీబీసీ హిందీ ప్రసారములు 2020 జనవరిలో ఆగినవి. పాత సెట్లను తూకమునకు వేయుచున్నది అందుకేనేమో. కాని వాల్వుల సెట్టు ఒకటి పోయినచో అందలి వన్ ఎల్ సిక్స్ కూడ పోవును. మీ అటకలపై ఇట్టివి ఉన్నచో అమ్మకముందు ఒకమారు నాకు చూపుడు. బ్యాటరీలు తీసి, ప్లగ్గు పెట్టక, వెనుక మూతతో సహా వచ్చే సమావేశమునకు తెండు. ఆ ట్రాన్స్‌ఫార్మరు నేను తెచ్చెదను.