సొంత చేతి రిపేరు తరువాత పాత కారు మొరాయించినచో
(సభ్యుల సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



వేతన సవరణ, పింఛను, ఖాళీల భర్తీ వంటి సమస్యలను చర్చించు వేదికపై పాత కారును గురించి మాట్లాడుట కొందరికి వింతగా తోచవచ్చును. కాని మనవారిలో, ముఖ్యముగా పదవీ విరమణ చేసినవారిలో, పాత అంబాసిడరును నేటికీ పోషించుకొనుచున్నవారు ఉన్నారు. ఉత్తర్‌పారా కర్మాగారములో ఆ కారు ఉత్పత్తి 2014లో ఆగిపోయినది. ఆ బండిని బాగుగా ఎరిగిన మెకానిక్కులు వృద్ధులగుచున్నారు. అందుచేత స్పానరు పట్టనేర్చిన మనవారు తామే రిపేరు చేసికొనుచున్నారు. శ్రమను గౌరవించు మనకు అది సంతోషకరమైన విషయమే.

చిక్కు ఎక్కడ వచ్చుచున్నదనగా, రిపేరు ముగించి బానెట్ మూసిన తరువాత బండి మునుపటికంటె అధ్వాన్నముగా నడచినప్పుడు. అప్పుడు కంగారుపడి కాయిల్ మార్చుదురు, కార్బురేటరు విప్పుదురు, కొత్త బ్యాటరీ కొందురు. కష్టార్జితము అంగడి పాలగును. లోపము మాత్రము ఉన్నచోటనే ఉండును.

కావున మనము గుర్తుంచుకొనవలసిన సూత్రము ఒక్కటే. నిన్న నడచిన బండి నేడు నడవకున్నచో, ఈ మధ్య మారినదేమిటని మొదట ప్రశ్నించుకొనవలెను. చివరిసారి చెయ్యి పడినచోటనే వెదకుట ప్రారంభింపవలెను. మార్చిన భాగమును మాత్రమే కాదు, దానిని చేరుటకు దారిలో విప్పిన ప్రతి గొట్టమును, ప్రతి తీగెను, ప్రతి నట్టును చూడవలెను.

ఉదాహరణకు, అంబాసిడరు పాత 1489 సి.సి. పెట్రోలు ఇంజనులో డిస్ట్రిబ్యూటరు పాయింట్లు మార్చినామనుకొందము. సెల్ఫు చక్కగా తిరుగుచున్నది గాని ఇంజను అందుకొనుట లేదు. మొదట మూత తీసి రోటరు తిరిగి పెట్టబడినదా అని చూడవలెను. పాయింట్లు పూర్తిగా తెరచుకొన్నప్పుడు వాటి ఎడము సుమారు 0.4 మిల్లీమీటరు ఉండవలెను. పిమ్మట తీగె బిగించుచోటనున్న చిన్న ఇన్సులేషను వాషర్లను చూడవలెను. అవి తారుమారైనచో కరెంటు సరాసరి ఎర్తులోనికి పోవును, నిప్పురవ్వ పుట్టదు. ఇది కంటికి సులభముగా కనబడని లోపము.

దీనిని పట్టుటకు 12 వోల్టుల చిన్న బల్బు, రెండు తీగెలు చాలును. ఒక తీగెను కాయిల్‌పై డిస్ట్రిబ్యూటరు వైపు కొనకు, రెండవదానిని ఇంజను లోహమునకు తగిలించి, ఇగ్నిషను వేసి, ఇంజనును చేతితో మెల్లగా త్రిప్పవలెను. పాయింట్లు తెరచుకొన్నప్పుడు బల్బు వెలుగవలెను, మూసుకొన్నప్పుడు ఆరిపోవలెను. ఎన్నడును వెలుగనిచో కాయిల్‌కు కరెంటు వచ్చుచున్నదా అని చూచి, వచ్చుచున్నచో ఆ వాషర్లను అనుమానింపవలెను. ఎన్నడును ఆరనిచో పాయింట్లు కలియుట లేదు, లేదా వాటిపై మురికి ఉన్నది. ఒక్క రూపాయి విడిభాగము కొనకుండనే ఇంత తెలియును.

ఇంజను స్టార్టయి, దగ్గుచు కుదుపుచున్నచో ప్లగ్గు తీగెలను చూడవలెను. ఆ ఇంజను మండు వరుస 1-3-4-2. రోటరు తిరుగు దిక్కును గమనించి తీగెలను ఆ వరుసలోనే అమర్చవలెను. విప్పుటకు ముందే ప్రతి తీగెకు అంకె వ్రాసిన చీటీ కట్టినచో, లేదా చేతి ఫోనుతో ఫోటో తీసికొన్నచో ఈ తిప్పలు ఉండవు. కార్బురేటరు విప్పి బిగించిన తరువాత నిలుకడ వేగము హెచ్చుతగ్గులగుచున్నచో, దాని అడుగున గ్యాస్కెట్ వద్ద గాలి లోనికి పోవుచున్నదేమో చూడవలెను.

క్లచ్చి పనికొరకు ఇంజనునో గేరు పెట్టెనో దింపినవారు మరచు వస్తువు ఒకటి గలదు. అది ఇంజనును బండి శరీరముతో కలుపు ఎర్తు పట్టీ. అది బిగింపబడనిచో సెల్ఫు మూలుగునే గాని తిరుగదు. కరెంటు వేరొక దారి వెదకుకొని చోక్ కేబులు గుండా పోవును. ఆ కేబులు వేడెక్కి పొగలు క్రక్కును. చూచినవారు సెల్ఫు మోటారు కాలినదనుకొందురు. కావలసినది ఒక బోల్టు బిగింపు మాత్రమే.

ఈ సూత్రమునకు ఒక హెచ్చరిక జోడింపవలెను. ముప్పది సంవత్సరముల రబ్బరు గొట్టము, ఎండిన తీగె మనము ప్రక్కకు జరిపినంతనే పగులవచ్చును. కొత్తగా కొన్న భాగమే లోపముతో రావచ్చును. అందుచేత తీసిన పాత భాగమును బండి సరిగా నడచువరకు పారవేయరాదు. దానిని తిరిగి పెట్టి చూచినచో సందేహము తీరును. ఒక మారునకు ఒక్కటే మార్చి పరీక్షింపవలెను. మూడింటిని ఒకేసారి మార్చినచో బండి బాగుపడినను ఏది కారణమో తెలియదు.

ఇక బ్రేకుల విషయము. ఇంజను మొరాయించినచో బండి ఇంటివద్ద నిలిచిపోవును. బ్రేకు మొరాయించినచో బండి నిలువదు. వీల్ సిలిండరు మార్చిన తరువాత పెడలు స్పంజివలె మెత్తగా దిగినచో గొట్టములలో గాలి మిగిలియున్నదని అర్థము. త్రొక్కి పట్టినప్పుడు పెడలు నెమ్మదిగా క్రిందికి జారినచో ఎక్కడనో నూనె కారుచున్నది, లేదా మాస్టరు సిలిండరు లోపల సీలు చెడినది. ఈ స్థితిలో వీధి చివరివరకైనను బండిని తీయరాదు. బ్రేకు నూనెకు బదులు ఇంజను నూనె ఎన్నడును పోయరాదు. అది రబ్బరు సీళ్లను ఉబ్బించి పాడుచేయును. ఈ పనిలో అనుభవము లేనివారు మెకానిక్కును పిలుచుట పిరికితనము కాదు, బాధ్యత.

రైల్వే, తపాలా ఉద్యోగులకు ఈ క్రమశిక్షణ కొత్తది కాదు. సిగ్నలు సిబ్బంది పరికరమును విప్పుటకు ముందు స్టేషను మాస్టరుకు డిస్కనెక్షను నోటీసు ఇచ్చుదురు. పని ముగిసి, పరీక్ష జరిగిన పిమ్మటనే తిరిగి అప్పగించుదురు. ఇంజను తగిలించిన రైలు, చివరి పెట్టెవరకు బ్రేకు పనిచేయుచున్నదని తేలక కదలదు. ఆర్.ఎం.ఎస్. సోదరుడు మెయిల్ లిస్టుతో సరిచూడక సంచులకు సంతకము చేయడు. విధి నిర్వహణలో మనము పాటించు ఈ పద్ధతిని మన బండికి, అందులో కూర్చుండు మన భార్యాబిడ్డలకు ఏల నిరాకరింపవలెను?

చివరి మాట. చెయ్యి చివరిగా పడినచోట వెదకవలెనని చెప్పినాము. ఆ చేతిని శిక్షింపవలెనని చెప్పలేదు. అది లోపము దొరకు చోటును తెలుపు గుర్తు మాత్రమే. వాషరు పెట్టినవాడు అలసియుండవచ్చును, వెలుతురు చాలకపోవచ్చును, భాగమే నాసిరకమైయుండవచ్చును. పని స్థలములో ప్రమాదము జరిగినప్పుడును మనము కోరునది ఇదే విచారణ. ఎవరు ముట్టినారని అడిగి ఆగిపోరాదు. ఏమి జరిగినది, ఎందుచేత జరిగినదని అడిగి, కారణము తేలువరకు సాగవలెను. ఇంటి ముంగిట బానెట్ ఎత్తినప్పుడు ఈ అలవాటు చేసికొన్నవారు, విచారణ సంఘము ఎదుట దానిని మరింత దృఢముగా కోరగలరు.